స్థానిక వార్తకు సున్నా

ఉదయం ఎనిమిది గంటల యాభై రెండు నిమిషాలకు హైమావతి జాడ యంత్రం మీది గాజుపలకను తడిగుడ్డతో తుడిచి, ఆపైన పొడిగుడ్డతో ఒత్తింది. గాజు మీద చెమ్మ మిగిలితే యంత్రం అక్షరాలు తప్పు చదువుతుంది. బడిలో ఈ యంత్రంతో ప్రయోగం మొదలై పద్దెనిమిది రోజులైంది. ఈ సంగతి ఆమె మూడో రోజునే కనిపెట్టింది.

రేవుకొత్తూరు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదింటికి ప్రార్థన. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. మొదటి కాగితం పెట్టింది. అంతర్జాతీయ వార్త. తెర మీద ఎనభై ఎనిమిది అంకె వచ్చింది. రెండోది జాతీయం, తొంభై మూడు. మూడోది రాష్ట్రం, తొంభై. నాలుగో కాగితం నోటుబుక్కులోంచి చించిన గీతల కాగితం. దాని మీద యంత్రం చాలాసేపు గుర్రుమని, చివరికి సున్నా చూపింది.

పక్కన నిలబడ్డ నూకరత్నం తొమ్మిదో తరగతి బి సెక్షను. ఆ కాగితం రాసింది ఆ అమ్మాయే.

"సున్నా ఏటి మేడమ్? లెక్కల్లో కూడా నాకెప్పుడూ సున్నా రాలేదు" అంది.

హైమావతి కాగితాన్ని తిప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ సున్నాయే. అరవై కంటే తక్కువ వచ్చిన వార్తను ప్రార్థనలో చదవకూడదు. అది ప్రయోగం నిబంధన. తొమ్మిది దాటి ఐదు నిమిషాలకు ఓ పదో తరగతి కుర్రాడు మైకు ముందు నిలబడి మూడు వార్తలు చదివి, నాలుగోది రోజూ చదివినట్టే చదివాడు. "స్థానిక వార్తలు, ఈరోజు లేవు."

ఆ వాక్యం నాలుగేళ్లుగా అలాగే ఉంది. జిల్లా పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాక రేవుకొత్తూరు గురించి రాసేవాళ్లు లేకుండా పోయారు. ఆరో తరగతి పిల్లలు దాన్ని కూడా ప్రార్థనలో భాగమే అనుకున్నారు. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, కుర్రాడితో పాటు వాళ్లూ పలికారు.

హైమావతిది ఆ మూతపడిన పత్రికల్లో ఒకటి. జిల్లా డెస్కులో ఇరవై రెండేళ్లు పనిచేసింది. ప్రభుత్వం ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు మాధ్యమ పాఠం అనే సబ్జెక్టు పెట్టినప్పుడు, చెప్పేవాళ్లు లేక, పని పోయిన సబ్ఎడిటర్లను కాంట్రాక్టు మీద తీసుకుంది. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆమె చాక్‌పీసు పట్టింది. బడికి పంపిన బోధన సామగ్రి పెట్టెలో ప్లాస్టిక్ పూత వేసిన పాత పత్రికలు ముప్పై, దొంగ ప్రకటనల కార్డులు రెండు కట్టలు, గోడకు తగిలించే పటం ఒకటి, అన్నిటికంటే అడుగున జాడ యంత్రం ఉన్నాయి. పత్రికలూ కార్డులూ మొదటి వారంలోనే నలిగిపోయాయి. యంత్రం మాత్రం ఏ రోజూ విశ్రాంతి ఎరగదు.

రెండు టిఫిన్ డబ్బాలను పక్కపక్కన పెట్టినంత ఉంటుంది జాడ. అది చేసే పని ఒక్కటే. ఈ వాక్యం ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ఆరేళ్ల కిందట, దొంగ వీడియోలు హద్దు మీరినప్పుడు, సంతకాల చట్టం వచ్చింది. అప్పటినుంచి ఏ కార్యాలయమైనా, సంస్థయినా బయటికి వదిలే ప్రతి కాగితానికీ, ఫొటోకూ కంటికి కనిపించని డిజిటల్ సంతకం ఉండాలి. కరెన్సీ నోటులో నీటిగుర్తు లాంటిదన్నమాట. ఆ సంతకాలన్నీ ఒక రిజిస్టరులో ఉంటాయి. జాడ ఒక్కో వాక్యాన్నీ పట్టుకుని రిజిస్టరంతా గాలిస్తుంది. సంతకం ఉన్న కాగితంలో దొరికితే ఎక్కువ అంకె ఇస్తుంది. నాలుగు నోళ్లు మారి వచ్చి ఉంటే అంకె తగ్గుతుంది. ఎక్కడా దొరక్కపోతే సున్నా. యంత్రం అడుగున చిన్న అక్షరాల్లో "ఈ అంకె సత్యానికి కొలత కాదు" అని రాసి ఉంది. యంత్రాన్ని బల్లకు బిగించాక ఆ మాట ఎవరికీ కనిపించదు.

నూకరత్నం కాగితంలో ఉన్నది ఇదీ.

"మన బడి పక్కన ఉన్న మంచినీళ్ల ట్యాంకును జూలై పన్నెండున శుభ్రం చేసినట్టు దాని స్తంభం మీద పెయింటుతో రాసి ఉంది. జూలై ఒకటి నుంచి పంతొమ్మిది వరకు, బడి వేళల్లో, తొమ్మిదో తరగతి విద్యార్థులు వంతులవారీగా ట్యాంకును గమనించారు. ఎవరూ పైకి ఎక్కలేదు. ట్యాంకు ఇనుప నిచ్చెనకు కింది తొమ్మిది మెట్లు లేవు. మిగిలిన మొదటి మెట్టు నేల నుంచి పదకొండు అడుగుల ఎత్తులో ఉంది."

ఈ ఐదు వాక్యాలకు మూడు వారాలు పట్టింది. మొదట నూకరత్నం పేజీన్నర రాసుకొచ్చింది. అందులో అవినీతి అనే మాట నాలుగుసార్లు ఉంది. హైమావతి నాలుగూ కొట్టేసింది. నువ్వు చూసిందేమిటి, కొలిచిందేమిటి, అవే ఉంచమంది. బడి వదిలాక ఎవరైనా ఎక్కి ఉంటే అని ఒకడు అడిగితే, "బడి వేళల్లో" అనే మాట చేర్పించింది. ట్యాంకు ఎదురిళ్లకు పంపి మూడు కుటుంబాలను అడిగించింది. పదకొండు అడుగులను పిల్లలు చెక్క స్కేళ్లను వెదురుబద్దకు కట్టి కొలిచారు. ఆ క్లాసులో ముగ్గురు పచ్చకామెర్లతో సెలవులో ఉన్నారు. ఆరో తరగతి చదివే నూకరత్నం తమ్ముడికీ అదే జబ్బు. ఆ సంగతి కూడా రాస్తానని అమ్మాయి పట్టుబట్టింది. ట్యాంకు నీళ్ల వల్లే వచ్చిందో కాదో డాక్టరు చెప్పాలి, మనం కాదు అని హైమావతి ఒప్పుకోలేదు. రోజూ తమ్ముడి మంచం పక్కన నిద్రలేచే పిల్లకు ఆ మాట చెప్పడం ఆమెకు తేలికేం కాలేదు.

ట్యాంకు నీళ్లు తాగేది రేవు వీధీ, బడీ. ఊళ్లో ఇంకెవరికీ దాని గొడవ లేదు. ఈ ఐదు వాక్యాలు మైకులో వినిపిస్తే రెండుచోట్లా వింటారు. వినిపించకపోతే ఆ నీళ్లే తాగుతారు. హైమావతికి అంతకుమించి వేరే లెక్క లేదు.

మధ్యాహ్నం ఆమె హెడ్మాస్టరు సన్యాసినాయుడు గదికి వెళ్లింది. అక్కడ డాక్టర్ గౌస్ కూర్చుని ఉన్నాడు. జాడను తయారుచేసింది ఆయనే. ప్రయోగం జరుగుతున్న పన్నెండు బడులకూ తిరుగుతూ, వారానికి రెండు రోజులు రేవుకొత్తూరులో ఉంటాడు. నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా ముందు రాసుకుని తర్వాత మాట్లాడతాడు.

సన్యాసినాయుడు కాగితం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో అబద్ధముందని నేననను హైమావతి గారూ. పొద్దున్న వస్తూ ఆ నిచ్చెన నేనూ చూశాను. కానీ సున్నా వచ్చింది."

"మొదటిసారి చెప్పే ఏ వార్తకైనా సున్నాయే వస్తుందండీ. దానికి ముందు ఎవరూ చెప్పలేదు కాబట్టే అది వార్త. మనమే దానికి మూలం."

హెడ్మాస్టరు కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. తర్వాత, తాను ఇంతకుముందు పనిచేసిన బడి సంగతి చెప్పాడు. బడి కప్పు కూలుతోందని ఎవరో దొంగ వీడియో వదిలారు. పది నిమిషాల్లో మూడొందల మంది తల్లిదండ్రులు గేటు మీద పడ్డారు. తొక్కిసలాటలో ఇద్దరు పిల్లల కాళ్లు విరిగాయి. సంతకాల చట్టం వచ్చింది అలాంటివి జరగబట్టే.

"ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి నేను. ఈ యంత్రం మీద మీకు కోపం ఉండొచ్చు. నేను మాత్రం ఇది వచ్చాకే మైకు ముందు పిల్లాణ్ణి నిశ్చింతగా నిలబెడుతున్నాను. అరవై తెండి. నేనే చదివిస్తాను."

ఆయన పిరికితనంతో అంటున్నాడనుకునే వీలు హైమావతికి లేకపోయింది. గౌస్ వైపు తిరిగి, అరవై ఎలా వస్తుందని అడిగింది.

గౌస్ తన పుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పి, ఆ విషయంతో ఉద్యోగరీత్యా సంబంధం ఉన్న వ్యక్తి ఎవరైనా వేలిముద్రతో ధ్రువీకరిస్తే అరవై నాలుగు వస్తుందన్నాడు. టీచర్ల సంతకం పనికిరాదు, ప్రయోగంలో ఉన్నది బడే కాబట్టి. వీధివాళ్ల సంతకం పనికిరాదు, వాళ్లకు ట్యాంకుతో ఉద్యోగం లేదు కాబట్టి.

"నీళ్లు తాగేవాళ్లకు సంబంధం లేదన్నమాట" అంది హైమావతి.

గౌస్ ఆ మాట కూడా రాసుకున్నాడు. "లోపమే" అని ఒప్పుకున్నాడు. "కానీ మూడు నెలలు పూర్తయ్యేదాకా యంత్రంలో ఏ మార్పూ చెయ్యకూడదు. ఆ నిబంధన పెట్టింది నేనే."

ట్యాంకుతో ఉద్యోగరీత్యా సంబంధం ఉండి, ముద్ర వేస్తాడనుకోదగ్గ మనిషి ఊరంతటికీ తవుడు ఒక్కడే. నగర పంచాయతీలో కాంట్రాక్టు పనివాడు. పొద్దున్నా సాయంత్రం వాల్వు తిప్పుతాడు, నెలకోసారి స్తంభం మీద తేదీ మారుస్తాడు. మర్నాడు బడి వదిలాక హైమావతి నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వాల్వు దగ్గరికి వెళ్లింది. ఎందుకొచ్చిందో దాచకుండా చెప్పింది. తవుడు ఏమీ బుకాయించలేదు.

"నిచ్చెనే నేదు కదమ్మా, ఎలాగెక్కమంటావు? రెండేళ్లయింది ఇరిగి. సెప్పాను. సూద్దాంలే, తేదీ మార్సు అన్నారు. మారుత్తన్నాను."

"ఎవరన్నారు?" అంది నూకరత్నం, పెన్ను తీసి.

"ఎవరంటే ఏటి సెప్తాను పిల్లా. పైవోళ్లు."

వేలిముద్ర సంగతి హైమావతి ఎత్తలేదు. నూకరత్నమే ఎత్తింది. ఆ ముద్ర పడితే వార్త మైకులో వస్తుందని, మా తమ్ముడు పన్నెండు రోజులుగా పథ్యం కూడు తింటున్నాడని చెప్పింది. తవుడు వాల్వు చక్రం మీది చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎయ్యమంటే ఏసేత్తానమ్మా. నా మనవరాలూ ఈ నీళ్లే తాగుతాది."

నూకరత్నం హైమావతి వైపు చూసింది. వేలిముద్ర తీసుకునే చిన్న పరికరం హైమావతి చేతిసంచిలోనే ఉంది. ఆమె సంచి తెరవలేదు. ఆలోచించి రేపు చెబుతామని తవుడితో అని, అమ్మాయిని తీసుకుని వెనక్కి వచ్చేసింది.

దారిలో నూకరత్నం నాలుగడుగులు ముందే నడిచింది. బడి గేటు దగ్గరికొచ్చాక నిలబడిపోయింది.

"ఆయనే ఏస్తానన్నాడు కదా మేడమ్. మీకేటి నష్టం?"

"నాకేం నష్టం లేదు. ఇవాళ వేలిముద్ర వేస్తాడు. రేపు వాల్వు దగ్గర ఇంకో మనిషి ఉంటాడు. ఎల్లుండి నువ్వు ఏదైనా అడిగితే ఈ ఊళ్లో ఎవరూ నోరు విప్పరు."

"మరి మా తమ్ముడు?"

ఇంట్లో నీళ్లు మరిగించే తాగుతున్నారా అని హైమావతి అడిగింది. మా యింట్లో మరిగిస్తన్నాం, వీధంతా మరిగించమని ఎవరు చెబుతారని అమ్మాయి అడిగింది.

"మనమే చెబుతాం. ఇంకో దారిలో" అంది హైమావతి. అప్పటికి ఆమెకు ఆ దారేదో తెలియదు. ఆ సంగతి మాత్రం బయటపెట్టలేదు.

బుధవారం మాధ్యమ పాఠం పీరియడులో గోడపటం వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్నవైపు స్కెచ్ పెన్నుతో ఒక్క మాట రాసింది. వివరణ. పత్రికలో ఎవరి మీదైనా వార్త వేసే ముందు వాళ్ల మాట కూడా అడగాలని, తన డెస్కులో అది లేకుండా ఏ వార్తా ప్రెస్సుకు వెళ్లేది కాదని చెప్పింది. మనం ఇంకా నగర పంచాయతీ కమిషనరు గారిని అడగలేదు. అడక్కుండా ఈ వార్తను చదివించాలని నేనే తొందరపడ్డాను, అది నా తప్పు అంది. క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి.

"వాళ్లనే అడిగితే కాదంటారు కదా మేడమ్."

"కాదంటే కాదన్నారని రాస్తాం."

ఉత్తరం నూకరత్నం దస్తూరీతో తయారైంది. ఐదు వాక్యాలనూ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాశారు. వీటిపై మీ వివరణ కోరుతున్నాం అని ముగించారు. ఐదుగురు పిల్లలు వెళ్లి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని వచ్చారు. ముద్ర పడకుండా అక్కణ్ణుంచి కదలొద్దని హైమావతి ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. వారం లోపల జవాబివ్వాలని చట్టం ఉంది. ఆ వారమంతా ఉదయం తొమ్మిదీ ఐదుకు స్థానిక వార్తలు లేవు. తొమ్మిదో తరగతిలో ఇంకో ఇద్దరు సెలవు పెట్టారు.

సోమవారం జవాబు వచ్చింది.

నగర పంచాయతీ కార్యాలయంలో అర్జీలకు జవాబు రాసే గుమాస్తాకు ముప్పై ఏళ్ల సర్వీసుంది. అన్ని కార్యాలయాల్లో ఉన్న పద్ధతే ఆయనదీ. కాగితానికి మధ్యలో గీత గీసి, ఎడమవైపు అర్జీలోని అంశాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి. కుడివైపు దానికి జవాబు రాయాలి. అలా రాయకపోతే ఏ అంశానికి ఏం చెప్పామో రేపు ఆడిట్‌లో తేలదు. ఆయన ఐదు వాక్యాలనూ కామాలతో సహా ఎక్కించాడు. మొదటిదానికి ఎదురుగా "రికార్డు ప్రకారం శుభ్రం చేయడమైనది" అనీ, నాలుగోదానికి ఎదురుగా "వాస్తవం కాదు. నిచ్చెన పటిష్ఠంగా ఉన్నది" అనీ రాశాడు. కమిషనరు గారు కింద డిజిటల్ సంతకం పెట్టారు. కాగితం రిజిస్టరుకెక్కింది.

మంగళవారం ఎనిమిదీ యాభైకి హైమావతి ముందు ఆ జవాబును గాజు మీద పెట్టింది. తొంభై ఒకటి. ఇక జవాబును కూడా కలిపి వార్త తిరగరాయాలి. ఎక్కడ కలపాలో చూసుకుందామని పాత నోటుబుక్కు కాగితాన్ని పైకి తీసింది. పాతదానికి ఇప్పుడెంతొస్తుందో అనిపించి, దాన్నీ గాజు మీద పెట్టింది. యంత్రం ఈసారి గుర్రుమనలేదు. వెంటనే అంకె చూపింది.

తొంభై ఒకటి.

నూకరత్నం ఒకసారి తెర వైపు, ఒకసారి టీచరు వైపు చూసింది. హైమావతి కాగితం తీసి, గాజు తుడిచి, మళ్లీ పెట్టింది. తొంభై ఒకటే. అప్పుడు సన్యాసినాయుడిని, ఆ రోజు బడిలోనే ఉన్న గౌస్‌నూ పిలిపించింది.

గౌస్ అంకెను చూసి, జవాబు కాగితం చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హెడ్మాస్టరుకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు.

"ఒకాయన దొంగనోటు పట్టుకుని, దాన్ని కాగితానికి అంటించి, ‘ఇది దొంగనోటు’ అని పక్కన రాసి బీరువాలో పెట్టాడనుకోండి. మీరు జాడను అడిగేది ‘ఈ నోటు ఎక్కడుంది’ అని. బీరువాలో ఉందని అది చెబుతుంది. పక్కన ఏం రాశారో దానికి అక్కర్లేదు. పిల్లల ఐదు వాక్యాలూ ఇప్పుడు కమిషనరు సంతకం కింద ఉన్నాయి. యంత్రం పొరపాటు పడలేదు. నేను చెయ్యమన్నదే చేసింది."

"అయితే ఇది చెల్లుతుందా?" అన్నాడు సన్యాసినాయుడు.

"మూడు నెలల లోపల ఏదీ మార్చకూడదని నిబంధన. చెల్లదని చెప్పే అధికారం నాకు లేదు."

గోడ గడియారంలో ఎనిమిదీ యాభై ఏడు. హెడ్మాస్టరు నోటుబుక్కు కాగితాన్ని ఇంకోసారి చదివాడు. ఇంతకుముందు గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి ట్యాంకు వైపు చూశాడు. కిటికీలోంచి చూసినా, మిగిలిన మెట్లకు కింద ఖాళీ స్పష్టంగా కనిపిస్తోంది.

"అరవై తెమ్మన్నాను. తొంభై ఒకటి తెచ్చారు. చదివించండి."

"కమిషనరు గారి జవాబు కూడా పూర్తిగా చదివిద్దామండీ" అంది హైమావతి.

ఆయన ఆశ్చర్యపోయాడు. "అదెందుకు? మీ పిల్లల మాటకు అడ్డొస్తుంది కదా."

"ఆయన మాట అడిగి తీసుకున్నాం. మింగెయ్యడానికి లేదు."

తొమ్మిదీ ఐదుకు నూకరత్నం మైకు ముందుకొచ్చింది. మూడు వార్తలు చదివింది. ఆరో తరగతి వరసల్లో పిల్లలు అలవాటుగా కళ్లు మూసుకుని, స్థానిక వార్తలు ఈరోజు లేవు అని మొదలుపెట్టి, మైకులో వేరే మాట వినిపించేసరికి మధ్యలో ఆగిపోయారు. నూకరత్నం ఐదు వాక్యాలూ తొందరపడకుండా చదివింది. తర్వాత కమిషనరు గారి జవాబు చదివింది. "నిచ్చెన పటిష్ఠంగా ఉన్నది" అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. నాలుగు వందల పన్నెండు తలలు మాత్రం ట్యాంకు వైపు తిరిగాయి.

బడి మైకు రేవు వీధి దాకా వినిపిస్తుంది. చేపల తట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్లు రెండు వైపుల మాటా విన్నారు. ఎవరిది నిజమని వాళ్లు వాదించుకోలేదు. ట్యాంకు నూరు గజాల దూరంలో ఉంది. వెళ్లి చూశారు. పదింటికల్లా అక్కడ డెబ్బై మంది దాకా చేరారు. పదకొండింటికి నగర పంచాయతీ ఇంజనీరు జీపులో వచ్చాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. నూకరత్నం తల్లి చిన్నమ్మడు మాత్రం ముందుకొచ్చి అడిగింది.

"బాబూ, పటిష్ఠంగా ఉందంట కదా. ఓ అడుగెయ్యండి, సూస్తాం."

ఇంజనీరు తల పైకెత్తి పదకొండు అడుగుల ఎత్తులో ఉన్న మెట్టును చూశాడు. జీపు దగ్గరికి తిరిగి వెళ్లి ఫోను చేశాడు.

మధ్యాహ్నం రెండింటికి అగ్నిమాపక కేంద్రం నిచ్చెన వచ్చింది. మూత తీస్తే అడుగున చీలమండ లోతు బురద ఉంది. మూత అంచు పగిలి, పావురాలు లోపలికీ బయటికీ తిరిగే దారి ఉంది. నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపారు. మూడు రోజులు ట్యాంకర్లు తిరిగాయి. వీధిలో ప్రతి పొయ్యి మీదా నీళ్లు మరిగాయి. నాలుగో రోజు ట్యాంకు కడగడం చూడటానికి తొమ్మిదో తరగతి మొత్తం, హెడ్మాస్టరు అనుమతితో, నోటుబుక్కులతో వెళ్లింది. ఎంతమంది ఎక్కారో, ఎన్నిటికి దిగారో రాసుకున్నారు. సంజాయిషీ నోటీసు ఇంజనీరుకు వచ్చింది, రికార్డులో సంతకాలు ఆయనవి కాబట్టి. తవుడు పేరు ఏ కాగితంలోనూ లేదు. మర్నాడు పొద్దున్న కూడా వాల్వు తిప్పింది అతనే.

నూకరత్నం తమ్ముడు ఆగస్టు రెండో వారంలో బడికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

గౌస్ తన నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాడు. దానికంటే ముందే కబురు మిగతా పదకొండు బడులకు పాకింది. అన్నిచోట్లా మాధ్యమ పాఠం టీచర్లు గోడపటాన్ని వెనక్కి తిప్పారు. మూతపడిన చౌకదుకాణం గురించి, డ్రైవరు లేని అంబులెన్సు గురించి, అంకెలు వేసిన వాక్యాలతో ఉత్తరాలు వెళ్లాయి. గుమాస్తాలు ముప్పై ఏళ్ల పద్ధతిలో ఎడమవైపు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి, కుడివైపు వాస్తవం కాదని రాసి పంపారు. రెండు వారాల పాటు పన్నెండు బడుల ప్రార్థనల్లో స్థానిక వార్తలు ఉన్నాయి. కొన్నిచోట్ల మూడేసి కూడా వచ్చాయి.

ఆగస్టు ఇరవైన, రేవు రోడ్డులో వెలగని దీపాల మీద రాసిన ఉత్తరానికి నూకరత్నానికి జవాబు వచ్చింది. ఈసారి కాగితం మధ్యలో గీత లేదు. "మీ లేఖ అందినది. తగిన శ్రద్ధ వహించబడుచున్నది." అంతే. దీపాల మాట లేదు, రోడ్డు మాట లేదు. కాదన్నదీ లేదు, అవునన్నదీ లేదు. పిల్లల వాక్యాల్లోని ఒక్క పదం కూడా అందులో దొరకలేదు. జాడ వార్తకు సున్నా ఇచ్చింది.

హైమావతి ఆ రెండు వాక్యాలను చాలాసేపు చూసింది. ఒక్క మాట ఎక్కువ లేదు. ఏ మాట తీసినా వాక్యం నిలవదు. ఇది గుమాస్తా రాత కాదు, దిద్దడం తెలిసిన చెయ్యి అనుకుంది. అయినా ఆ పీరియడులో నూకరత్నం చేత మళ్లీ ఉత్తరం రాయించింది. ఈసారి ఒక్కటే ప్రశ్న, అవును లేదా కాదు అని మాత్రమే జవాబు చెప్పగలిగేది.

ఆరు రోజుల తర్వాత, జిల్లా కేంద్రంలో జరిగిన సమావేశానికి వెళ్లొచ్చిన గౌస్ ద్వారా ఆమెకు సంగతి తెలిసింది. పాఠశాలల నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబు రాయడం కోసం ప్రభుత్వం కొత్తగా పదకొండు మందిని నియమించింది. కావలసిన అర్హత, పత్రిక డెస్కులో పదేళ్ల అనుభవం. చేరినవాళ్లలో తొమ్మిది మంది హైమావతి పనిచేసిన పత్రిక వాళ్లే. ఆ తొమ్మిది మందిలో నలుగురికి వార్త దిద్దడం నేర్పింది ఆమే.